ఫారంలో ఒక ‘లేదా’

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరసల్లో కూర్చున్నది నా 1973 బ్యాచి వాళ్లు. మా వాళ్లు అప్పుడూ వెనకే కూర్చునేవాళ్లు.

రాగిసంగటి, ఓళిగలు తిని కూర్చున్నవాళ్లను మేలుకొలిపే పని నాకు అప్పజెప్పిన కార్యదర్శిగారికి నా మీద పాత కక్ష ఏదో ఉన్నట్టుంది. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయం చెప్పాల్సింది ఇక్కడేనని నాకు చాలా రోజులుగా అనిపిస్తోంది.

నేను 36 ఏళ్లు ఒక ప్రభుత్వ రంగ సాధారణ బీమా సంస్థలో పని చేశాను. ఎక్కువ కాలం తిరుపతిలోనే. లారీ బోల్తా పడినా, పాడి ఆవు చచ్చిపోయినా, మనిషి ఆసుపత్రిలో చేరినా ఆ కాగితాలు నా టేబుల్ మీదికే వచ్చేవి. 2017లో పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత ఒక వైద్య సంస్థవాళ్లు తమ ఎథిక్స్ కమిటీలో సభ్యుడిగా ఉండమని అడిగారు. కొత్త మందును గానీ, శరీరంలో అమర్చే కొత్త పరికరాన్ని గానీ రోగుల మీద పరీక్షించాలంటే ముందు ఆ కమిటీ ఒప్పుకోవాలి. 2019 నియమాల ప్రకారం అందులో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు కావాలి. ఒక న్యాయం తెలిసినవారు, ఒక మహిళ, ఒక సామాన్యుడు తప్పనిసరి. ఆ సామాన్యుడిని నేను. డాక్టర్లు మాట్లాడేది నాకు అర్థం కాకపోతే ‘అర్థం కాలేదు’ అని చెప్పడమే నా ఉద్యోగం. జీతం లేదు, టీ ఇస్తారు.

ఇక అసలు సంగతి. మా బ్యాచిలో నా పక్కన కూర్చునే స్నేహితుడొకడు ఉన్నాడు. చిత్తూరు పక్క మామిడి తోట. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలి బతికే రైతు. ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు. ‘నా కథ చెప్పు, నా పేరు మాత్రం చెప్పొద్దు’ అన్నాడు. చెప్పను. ఆసుపత్రి పేరూ చెప్పను, ఊరూ చెప్పను. ఒక ఆసుపత్రిని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు.

2021లో, కోవిడ్ రెండో విడత తగ్గిన తర్వాత, వాడికి ఛాతీలో నొప్పి వచ్చింది. గుండె రక్తనాళంలో అడ్డు ఉంది, స్టెంటు వేయాలన్నారు. అక్కడే ఒకాయన వచ్చి, కొత్త రకం స్టెంటు మీద పరిశోధన జరుగుతోంది, చేరితే స్టెంటు ఉచితం, డాక్టర్లు ఇంకా జాగ్రత్తగా చూసుకుంటారు అని చెప్పాడట. మావాడు ఒప్పుకున్నాడు, సంతకం పెట్టాడు. స్టెంటు బాగానే పడింది. మనిషి బాగానే ఉన్నాడు. చూస్తున్నారుగా, మూడు ఓళిగలు తిన్నాడు.

డిశ్చార్జి రోజున నాకు ఫోను చేశాడు.

“స్టెంటు ఫ్రీ అని చెప్పినారప్పా. ఇప్పుడు మిగతాదంతా కట్టమంటా ఉండారు. ఆరోగ్యశ్రీ కార్డు ఇస్తే, ఇది స్టడీ కేసు, దీనికి కార్డు పనికిరాదంటా ఉంది ఆ పాప. నువ్వు ఇన్సూరెన్సులో చేసినోడివి కదా, ఈ కాగితం ఏమంటా ఉందో చూడు.”

“ఎంత కట్టమన్నారురా?”

“కట్టేసినాలే. ఇంట్లో గాజులు కుదువ బెట్టినా.”

వాడి కూతురు ఆ సమ్మతి పత్రం ఫోటోలు తీసి పంపింది. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగు పత్రమే ఇరవై పేజీలు దాటింది. రాత్రి కూర్చుని మొత్తం చదివాను. నష్టం జరిగితే ఏమిటి, రహస్యం ఎలా కాపాడతారు, మధ్యలో మానుకోవచ్చా, అన్నీ ఉన్నాయి. పద్నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. పరిశోధన పరికరాన్ని కంపెనీ ఉచితంగా ఇస్తుంది. ‘ప్రామాణిక చికిత్సకయ్యే ఖర్చును రోగి లేదా రోగి బీమా భరించాలి.’

మన తెలుగు ఐవోరు ఒక మాట అనేవారు, పాత బ్యాచిలవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ‘ఒరే, అవ్యయాన్ని చిన్నచూపు చూడకండిరా. దానికి లింగం లేదు, వచనం లేదు, విభక్తి లేదు. అది మారదు గానీ వాక్యాన్ని మార్చేస్తుంది.’ ఆ రాత్రి నాకు ఆయనే గుర్తొచ్చారు. ‘రోగి లేదా బీమా’. ఆ ‘లేదా’కు ఆ పక్క ప్రభుత్వం ఉంది, ఈ పక్క మావాడి భార్య గాజులు ఉన్నాయి. ఏ పక్క అనేది ఆ ఇరవై పేజీల్లో ఎక్కడా తేల్చలేదు. తేల్చింది డిశ్చార్జి రోజున కౌంటర్లో కూర్చున్న పాప.

ఆ పాపది తప్పని నేననను. కొంచెం లెక్క చూద్దాం. ఆరోగ్యశ్రీ మన రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. మధ్యలో ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు, మళ్లీ ఆరోగ్యశ్రీ అన్నారు, ఇప్పుడు తిరిగి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. చికిత్సల జాబితా ఒకటి ఉంటుంది, ఇప్పుడది మూడు వేలు దాటింది. ఒక్కో చికిత్సకు ఒక ప్యాకేజీ ధర. ఆసుపత్రి ముందుగా అనుమతి అడగాలి, చికిత్స చేయాలి, తర్వాత బిల్లు పెట్టాలి. స్టెంటు వేసే ప్యాకేజీ అంటే అందులో గది, డాక్టరు, మందులు, పరీక్షలు, స్టెంటు, అన్నీ కలిసిన ముద్ద. ఇప్పుడు స్టెంటు కంపెనీ ఊరికే ఇచ్చింది. ప్యాకేజీ మొత్తం ప్రభుత్వాన్ని అడిగితే, ఊరికే వచ్చిన వస్తువుకు ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకున్నట్టవుతుంది. రేపు ఆడిట్‌లో దొరికిపోతారు. అందుకని అసలు బిల్లే పెట్టలేదు. భయపడినవాళ్లు చేసే పని అది. బీమా ఆఫీసులో నేనూ అలాగే భయపడి చాలా ఫైళ్లు పక్కన పెట్టాను.

పోనీ, ఊరికే వచ్చిన వస్తువు విలువెంత? 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. మామూలు లోహపు స్టెంటు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నది 29,600 రూపాయలు. అంతకుముందు లక్ష, లక్షన్నర అమ్మిన వస్తువది. అంటే మావాడికి ఉచితంగా వచ్చినదాని విలువ, మార్కెట్ లెక్కన, ముప్పై వేల చిల్లర. దానికోసం వాడు పోగొట్టుకున్నది మిగతా ప్యాకేజీ మొత్తం. పరిశోధనలో చేరకపోయి ఉంటే కార్డు మీద పైసా ఖర్చు లేకుండా ఇంటికి వచ్చేవాడు. నలుగురికీ మేలు చేసే పనిలో చేరినందుకు మావాడికి పడిన జరిమానా అది.

కార్డు లేనివాళ్ల సంగతి కూడా చెబుతాను, ఈ హాల్లో ప్రైవేటు పాలసీలున్నవాళ్లే ఎక్కువ. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపులను ఒకే భాషలోకి తెచ్చింది. అందులో ఒకటి ‘రుజువు కాని చికిత్సలు’. పనిచేస్తుందని చెప్పడానికి తగినంత వైద్య ఆధారం లేని చికిత్సకు బీమా రాదు. ప్రయోగదశలో ఉన్న పరికరానికి ఈ మాట అంటగట్టడం ఎంత సులువో నాకు తెలుసు. నా సర్వీసులో అలాంటి వాక్యాలు పెట్టి తిరస్కరణ ఉత్తరాలు రాసినవాణ్ణి. పరికరం రుజువు కాలేదు, సరే. ఆ రోగి పడుకున్న మంచం, పెట్టిన సెలైను, తీసిన ఈసీజీ, ఇవి రుజువు కానివా?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పరిశోధనల్లో చేరొద్దని నేను చెప్పడం లేదు. గుండె కవాటం చెడితే ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం ఏళ్ల తరబడి కష్టపడి, మొదటి నమూనాలు విఫలమైనా వదలకుండా, మన దేశపు కవాటం తయారు చేసింది. 1990 డిసెంబరు 6న అది మొదటిసారి ఒక మనిషి గుండెలోకి వెళ్లింది. ఆ మనిషి ఒప్పుకోకపోతే ఆ తర్వాత వేలమంది బతికేవాళ్లు కారు. 1990ల్లోనే హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంటు తయారు చేయించారు. దానికీ ఎవరో మొదట ఛాతీ చూపించారు. ఇప్పుడు విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకే ప్రత్యేకంగా మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ తయారయ్యే వస్తువుల్లో కొన్నింటినైనా రేపు మన రోగుల మీదే పరీక్షించాలి. ఎవరో ఒకరు మొదట ఉండాలి. ఆ మొదటి మనిషి గాజులు కుదువ పెట్టుకోకూడదు, అంతే నేను చెప్పేది.

మరి చట్టం ఏమంటోంది? చట్టంలో ఒక సగం గట్టిగా ఉంది. వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. పరికరం మీద పరిశోధనలో చేరినవాడికి దానివల్ల హాని జరిగితే, పరిశోధన అనుమతి తీసుకున్నవాళ్లే చికిత్స చేయించాలి, పరిహారం ఇవ్వాలి. ఈ సగం ఊరికే రాలేదు. 2005 నుంచి 2012 దాకా దేశంలో మందుల పరిశోధనలు జరుగుతుండగా 2,644 మంది చనిపోయారని, అందులో 80 మరణాలకే పరిశోధన కారణమని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇండోరుకు చెందిన ఒక సంస్థ కోర్టుకు వెళ్లడం వల్ల ఆ అంకెలు బయటపడ్డాయి. 2013 జనవరిలో పరిహారం నియమం వచ్చింది. హాని జరిగితే ఎవరు చూడాలన్నది ఇప్పుడు రాతలో ఉంది.

రెండో సగం, హాని ఏమీ జరగకపోతే? అంతా సవ్యంగా జరిగి, మామూలు చికిత్సకు మామూలు బిల్లు వస్తే? భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఒక మాట చెప్పాయి. మామూలు చికిత్సకు మించి, పరిశోధన కోసం జరిగే పరీక్షలకు, చికిత్సలకు రోగి చేత డబ్బు కట్టించకూడదు. మంచి మాటే. కానీ ‘మామూలు చికిత్సకు మించి’ అన్నారు. మామూలు చికిత్స ఖర్చు ఎవరిదో అక్కడ చెప్పలేదు. మందుల పరిశోధనల నియమాల్లో సమ్మతి పత్రంలో ఏమేమి ఉండాలో రెండు జాబితాలు ఇచ్చారు. ఒకటి తప్పనిసరిగా ఉండాల్సినవి. రెండోది అవసరాన్ని బట్టి చేర్చాల్సినవి. ‘పాల్గొన్నందువల్ల రోగి మీద పడే అదనపు ఖర్చులు’ అన్నది ఏ జాబితాలో ఉందో తెలుసా? రెండో దాంట్లో.

అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఈ సభకు వచ్చారు. వాళ్లకు మెడికేర్ తెలుసు, 65 ఏళ్లు దాటినవాళ్లకు ఆ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. 1995 దాకా వాళ్లదీ మన కౌంటర్లో పాప చెప్పిన మాటే. ప్రయోగదశలో ఉన్న పరికరం వాడితే మెడికేర్ డబ్బు ఇచ్చేది కాదు. ఆసుపత్రులకు భయం పట్టుకుంది. ముసలివాళ్లను పరిశోధనల్లో చేర్చుకోవడానికే వెనకాడే పరిస్థితి వచ్చింది. గుండె పరికరాలు ఎక్కువగా కావాల్సింది ముసలివాళ్లకే. అప్పుడు 1995 నవంబరు నుంచి అమల్లోకి వచ్చేట్టు ఒక నియమం చేశారు. ప్రయోగదశలోని పరికరాలను రెండు రకాలుగా విడదీశారు. పూర్తిగా కొత్తవి, భద్రత సంగతి ఇంకా తేలనివి ఒక రకం. ఇప్పటికే వాడుకలో ఉన్నవాటికి మెరుగులు దిద్దినవి, వాటి గుణం కొంత తెలిసినవి రెండో రకం. రెండో రకానికి చికిత్సతోపాటు పరికరానికీ మెడికేర్ డబ్బు ఇవ్వవచ్చు. మొదటి రకానికి పరికరం ఖర్చు ఇవ్వరు. కానీ 2003లో చేసిన చట్టంతో, ఆ రోగికి జరిగే మామూలు చికిత్స ఖర్చు ఇవ్వడానికి దారి తెరిచారు. మధ్యలో 2000 సంవత్సరంలో, పరిశోధనలో ఉన్నా లేకున్నా ఆ జబ్బుకు ఎలాగూ జరిగే చికిత్స ఖర్చు మెడికేరే భరించాలని అధ్యక్షుడే ఆదేశించాడు.

అక్కడ అంతా స్వర్గమని నేననను. అక్కడి ఆసుపత్రి బిల్లు చూసి మూర్ఛపోయినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. కానీ ఒక పని చేశారు. ముద్దను విడదీశారు. ‘పరికరం ఒకటి, దాని చుట్టూ జరిగే మామూలు వైద్యం ఒకటి’ అని గీత గీశారు. మనం కూడా చేయగలిగిన పనే అది. ఒక చికిత్స ప్యాకేజీలో పరికరం విలువ ఇంత అని విడిగా రాస్తే చాలు. పరికరం కంపెనీ ఇచ్చింది కాబట్టి ఆ విలువ తగ్గించి, మిగతాది ప్రభుత్వ పథకం కట్టాలి. ప్రభుత్వానికీ లాభమే, ఎలాగూ ఆ రోగికి స్టెంటుతో కలిపి మొత్తం కట్టాల్సిన డబ్బే అది. ఆడిట్ భయం పోతుంది. కౌంటర్లో పాపకు చెప్పడానికి ఒక జవాబు ఉంటుంది. ‘స్టడీ కేసు’ అనగానే కార్డు వెనక్కి ఇచ్చేయడం ఆగుతుంది. పరిశోధన కోసమే చేసే పరీక్షలు, ఉదాహరణకు రోగికి ఏ బాధా లేకపోయినా తొమ్మిదో నెలలో తీసే యాంజియోగ్రాం, ఇవి మాత్రం కంపెనీవే. వాటిని ప్రభుత్వం నెత్తిన వేయకూడదు. ఇది రెండు వైపులా న్యాయం.

మందుకూ పరికరానికీ ఇంకో తేడా ఉంది, అది మరిచిపోవద్దు. మాత్ర వద్దనుకుంటే మానేస్తాం. శరీరంలో పెట్టిన వస్తువును మానేయలేం. పరిశోధన రెండేళ్లలో ముగుస్తుంది. పరికరం ఇరవై ఏళ్లు ఒంట్లో ఉంటుంది. పేస్‌మేకర్‌కు బ్యాటరీ అయిపోతుంది. సర్దుబాటు చేయాలంటే ఆ కంపెనీ యంత్రమే కావాలి. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చూపు పోయినవాళ్లకు కంట్లో అమర్చే పరికరం తయారు చేసింది. పరిశోధనలు దాటి 2013లో అక్కడి ప్రభుత్వ అనుమతి కూడా వచ్చింది. ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2020 నాటికి కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. చెడిపోతే బాగుచేసే దిక్కు లేని వస్తువును కళ్లలో పెట్టుకుని ఆ మనుషులు మిగిలిపోయారు. అనుమతి వచ్చిన పరికరం గతే అది. ఇక పరిశోధన దశలో ఉన్నదాని గురించి ‘ఆ తర్వాత ఎవరు?’ అని అడగడం అనుమానం కాదు, మామూలు బుద్ధి.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. మావాడి పత్రం చదివిన మరుసటి రోజు నాకొక అనుమానం వచ్చింది. నేను కూర్చునే కమిటీలో అంతకుముందు నేను సరే అన్న పత్రాల కాపీలు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. తీసి చూశాను. మూడింటిలో అదే వాక్యం ఉంది. ‘రోగి లేదా రోగి బీమా.’ అదే ‘లేదా’. ముప్పై ఆరేళ్లు పాలసీల్లో చిన్న అక్షరాలు చదివి బతికినవాణ్ణి. కమిటీలో నన్ను కూర్చోబెట్టిందే అందుకు. డాక్టర్లు మాట్లాడుతుంటే కొత్త వింతలు వింటూ, టీ తాగుతూ, ఆ వాక్యాన్ని మూడుసార్లు దాటిపోయాను. ఆ మూడు పరిశోధనల్లో చేరినవాళ్లలో ఎంతమంది ఇంట్లో గాజులు పోయాయో నాకు తెలియదు. నాకెవరూ ఫోను చేయలేదు, ఎందుకంటే నేను వాళ్ల క్లాస్‌మేటును కాదు.

తర్వాత సమావేశంలో ఈ మాట ఎత్తాను. కొంచెం ఇబ్బందిగానే విన్నారు. ‘ఆరోగ్యశ్రీ రోగి అయితే కార్డు వర్తిస్తుందా లేదా? చెప్పే కాగితం ఒకటి చూపండి’ అని అడిగితే ఆ రోజు ఎవరి దగ్గరా లేదు. ఒక పెద్ద డాక్టరు, నాకంటే వయసులో చిన్నవాడే, నెమ్మదిగా అన్నాడు: “సార్, పదేళ్లుగా నేనూ ఆ వాక్యం కింద సంతకం పెడుతున్నాను. ఎవరూ అడగలేదు.” అప్పటినుంచి మా కమిటీలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పత్రంతోపాటు ఒక పట్టిక ఉండాలి. ఎడమ పక్క ప్రతి ఖర్చు: పరికరం, ఆపరేషన్, గది, మందులు, ప్రతి పరీక్ష, ప్రతి రాకపోక. కుడి పక్క ఎవరు కడతారు: కంపెనీ, పథకం, రోగి. ‘లేదా’కు చోటు లేదు. రోగి అని రాసిన గడి ఉంటే, అది ఎంతో రూపాయల్లో రాయాలి.

మావాడి సంగతి ఏమైంది? అక్కడి ఎథిక్స్ కమిటీకి వాడి చేత ఉత్తరం రాయించాను. మర్యాదగా, తేదీలతో, బిల్లు నకళ్లతో. ఐదు నెలలు పట్టింది. పరిశోధన కోసమే చేసిన పరీక్షల డబ్బు, ప్రయాణ ఖర్చు వెనక్కి వచ్చాయి. మిగతాది రాలేదు. గాజుల్లో రెండు ఇంటికి వచ్చాయి, రెండు రాలేదు. మొన్న వాడి ఇంటికి పోతే మా చెల్లెలు కాఫీ ఇస్తూ, “అన్నా, ఆయన బాగుండాడు, అది చాల్లే” అంది. నాకు మాత్రం ఆ కాఫీ గొంతు దిగలేదు.

ఇదంతా బడి సభలో ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్లలో సంతకం పెట్టాల్సి వస్తే జనం ముందు వెతికేది ఐవోరినే. చదువురాని రోగి వేలిముద్ర వేసేటప్పుడు, పరిశోధనకు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలని నియమం. ఆ సాక్షి చాలాసార్లు మనలో ఒకడే అవుతాడు.

2009లో ఖమ్మం జిల్లాలో, అప్పుడు మనమంతా ఒకే రాష్ట్రం, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక టీకా మీద అధ్యయనం జరిగింది. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది, దాంట్లోకి నేను పోను. 2010 ఏప్రిల్‌లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో సమ్మతి పత్రాల లెక్క ఉంది. చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. వాళ్లు చెడ్డవాళ్లు అయివుండరు. పైనుంచి కాగితం వచ్చింది, పెట్టమన్నారు, పెట్టారు. మనలో ఎంతమందిమి అలా పెట్టలేదు? ఇక్కడున్న ఉపాధ్యాయులకు చేతులెత్తి చెబుతున్నాను, చదవని కాగితం మీద పిల్లవాడి తరఫున గానీ, ఊరివాడి పక్కన సాక్షిగా గానీ పెట్టే సంతకం చాలా బరువైనది.

తిరుపతిలో, చిత్తూరులో, పక్కనే వేలూరులో పెద్ద ఆసుపత్రులున్న ప్రాంతం మనది. స్విమ్స్, రుయా, బర్డ్, పిల్లల గుండెకు పద్మావతి హృదయాలయం, ఇవన్నీ మన అదృష్టం. పెద్ద ఆసుపత్రులున్న చోట పరిశోధనలూ ఉంటాయి. ఇవాళ కాకపోతే రేపు మన ఇంటికీ ఒక ఫారం వస్తుంది. వస్తే సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి. ఇందులో చేరకపోతే నాకు జరిగే చికిత్స ఏమిటి, దాన్ని నా కార్డు గానీ పాలసీ గానీ కడుతుందా? చేరితే కూడా కడుతుందా? నోటితో కాదు, కాగితం మీద రాసివ్వండి.

రెండు. పరిశోధన కోసమే చేసే పరీక్షలు ఏవి, వాటికి, రాకపోకలకు డబ్బు ఎవరిది?

మూడు. పరిశోధన అయిపోయాక ఈ వస్తువు నా ఒంట్లో ఉన్నన్నాళ్లూ దాని బాగోగులు ఎవరివి? తీసేయాల్సి వస్తే ఎవరు తీస్తారు, ఎవరు కడతారు?

ఈ మూడింటికీ జవాబు ఉంటే ధైర్యంగా చేరండి, చాలామందికి మేలు చేసినవాళ్లవుతారు. జవాబు లేకపోతే ‘రేపు చెబుతాను’ అనండి. అలా అనే హక్కు మీకు ఉంది. ఫారం కాపీ అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది కూడా మీ హక్కే.

ఇక సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం పేరు మీద గేటు కడదామని, విగ్రహం పెడదామని అనుకుంటున్నారు, కట్టండి. దాంతోపాటు నెలకు ఒక ఆదివారం ఈ బడిలోనే ఒక గది ఇవ్వండి. మనలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, బ్యాంకువాళ్లున్నారు, నాలాంటి బీమా ముసలివాళ్లున్నారు. ఊళ్లో ఎవరికి ఏ ఆసుపత్రి కాగితం వచ్చినా, పాలసీ వచ్చినా, ఫారం వచ్చినా తీసుకుని వస్తే కూర్చుని చదివి పెడదాం. ఏం చేయాలో మనం చెప్పొద్దు, ఏం రాసి ఉందో చెబుదాం చాలు. మొదటి ఆదివారం నేను వస్తాను. మా మామిడితోట రైతు కూడా వస్తానన్నాడు. ‘నాకు చదివేదానికి రాకపోయినా, ఏడ చూడాల్నో చెప్తా’ అన్నాడు.

పద్నాలుగో పేజీ అని వాడికి బాగా గుర్తు.